తిరిగినవాడికి తరుగు

నా బస్సులో ఒక మీటరుంది.
కనుమ మీదుగా పోతే నలభై ఆరు కిలోమీటర్లంటుంది,
సొరంగంలోంచి పోతే పంతొమ్మిది.
అవే రెండు ఊళ్ళు, అదే పోస్టాఫీసు, అదే చర్చి గంట.
ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్రయాణికుడైనా
మీటరు అబద్ధమాడిందని నిలదీయలేదు.

గడియారం దగ్గరికొచ్చేసరికి మాత్రం
అందరికీ ఎక్కడలేని పంతం.

అక్టోబరులో, ఎంగడీన్ లోయలో
లార్చ్ చెట్లు పసుపెక్కే వారం,
సెరైనా నా బస్సుకో పెట్టె ఎక్కించింది.
బీరువా అంత పెట్టె. నాలుగు బెల్టులు, రెండు బ్యాటరీలు,
పైన ఆమె చేతిరాత: "కుదపొద్దు, దురీ."
లోపల గడియారం.
దాని జోడు కింద, ప్రయోగశాల నేలమాళిగలోనే ఉండిపోయింది.
రెంటినీ ఒక్క క్షణానికి ముడేసి
ఒకదాన్ని కొండకు సాగనంపింది.

కేబుల్ కారు ఆగేచోట ఫ్లూరిన్ నిలబడున్నాడు.
ఆమె కవల తమ్ముడు,
పదకొండు నిమిషాలు చిన్న.
ముప్పై ఒక్క ఏళ్ళుగా మంచు లోతు కొలుస్తూ
ఆ వాతావరణ కేంద్రంలోనే మకాం.
పెదవులు పగిలి, కళ్ళచుట్టూ ముడతలు పడి
అక్కకంటే పదేళ్ళు పెద్దవాడిలా ఉంటాడు.
"అది ఎండ చేసిన పని,
కాలం చేసిందెంతో కొలిచి చెబుతా"
అంది సెరైనా.

తొమ్మిది రోజులు.
పెట్టె హాయిగా ఉందని ఫోన్ చేశాడట,
పక్కన కూర్చుని సూపు తాగుతున్నాడట.

దింపుకొచ్చి జోడు పక్కన పెట్టాం.
కొండెక్కొచ్చింది ముందుంది,
నూట ముప్పై చిల్లర నానోసెకండ్లు.
"ఏది తప్పు?" అన్నాను.
కనుమ మలుపులో గేరు మార్చడం మరిచినవాణ్ణి
చూసినట్టు చూసింది.
"నీ మీటరులో ఏది తప్పు,
నలభై ఆరా, పంతొమ్మిదా?"

నీరు పల్లమెరుగు అంటారు.
కాలానికీ పల్లం తెలుసు:
లోయలో నింపాదిగా నడుస్తుంది,
కొండమీద కాస్త తొందర.

నా టికెట్ల చుట్టలోంచి ఒక ముక్క చింపి
సెరైనా రెండు చుక్కలు పెట్టింది.
ఒకటి విడిపోవడం. ఒకటి కలుసుకోవడం.
నడుమ ఒక నిలువు గీత, ఒక వంకర గీత.
"కాగితం మీద వంకరదే పొడుగు కదా?
కాలంలో లెక్క తిరగబడుతుంది.
కదలక కూర్చున్నవాడికే ఎక్కువ కాలం,
తిరిగినవాడికి తరుగు.
కొండ కలిపింది, నీ బస్సు కాస్త తీసేసింది,
ఈసారి కొండ గెలిచింది."

ఇరవై రెండేళ్ళ తిరుగుడులో
నాకు తరిగిందెంతో అడగబోయి ఊరుకున్నాను.
ఆ చిల్లర పెట్టి ఏం కొంటాను?

మొదటి మంచు పడ్డ శనివారం ఫ్లూరిన్ దిగొచ్చాడు.
నేలమాళిగలో ముగ్గురం, మధ్యలో అక్రోటు కేకు.
"నా సంగతేంటి?" అన్నాడు.
"సెకనుని ఆరువేల ముక్కలు చేస్తే
నువ్వు నాకంటే ఎక్కువ బతికింది ఒక్క ముక్క."
"మరి ఇంకెన్నాళ్ళుంటే నిన్ను అందుకుంటాను?"
ఆమె పెన్సిలు తీసింది. సున్నాలు పెట్టుకుంటూ పోయింది.
"పన్నెండు కోట్ల ఏళ్ళు."
వాడు కేకు నమిలి, ఆలోచించి,
"అయితే సోమవారమే పైకి పోవాలి" అన్నాడు.

సెరైనా నవ్వలేదు. చాలాసేపటికి,
"ఆదివారం ఉండు" అంది.

ఆఖరి బస్సులో ఇద్దరే.
ఒకే సీటు, కిటికీ వైపు అక్క.
సొరంగం దారిలో ఇల్లు దగ్గరే.
నేను నది పక్క పాత రోడ్డు పట్టాను,
మలుపులెక్కువ, దీపాలు లేవు,
మీటరు తన పని తాను చేసుకుపోతోంది.

ఎందుకిటు అని
ఇద్దరూ అడగలేదు.